స్వీడన్ రచయిత్రులు: రాయడం ఒక ఎత్తు, నిలబడటం మరో ఎత్తు

క్లుప్తంగా: స్వీడిష్ సాహిత్యంలో స్త్రీలు రాయని శతాబ్దం దాదాపు లేదు. వారి రచనలను నిలబెట్టిన, లేదా పక్కకు నెట్టిన ఏర్పాట్లే కాలాన్ని బట్టి మారాయి. చట్టం, పత్రికలు, ప్రచురణ సంస్థలు, సాహిత్య నోబెల్ ఎవరికో నిర్ణయించే స్వీడిష్ అకాడమీ, పాఠ్యపుస్తకాలు ఒక్కొక్కటి ఒక్కో జల్లెడ. 2025లో వచ్చిన ప్రామాణిక జాబితా వాటిలో తాజాది. ఏ జల్లెడ ఎవరిని ఆపిందో, ఎలా ఆపిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

యాభై ఏళ్ల గీత

2025 సెప్టెంబరులో స్వీడన్‌లో ఒక జాబితా వెలువడింది. దేశ సంస్కృతి తెలియాలంటే ఇవి తెలిసుండాలంటూ ప్రభుత్వం నియమించిన కమిటీ వంద అంశాలను ఎంపిక చేసింది. అందులో పిల్లల కథానాయిక పిప్పి లాంగ్‌స్ట్రంప్ ఉంది, ఐకియా ఉంది, అబ్బా సంగీత బృందం లేదు. ప్రపంచ పత్రికలు చాలావరకు అబ్బా దగ్గరే ఆగిపోయాయి. సాహిత్యం వైపు నుంచి చూస్తే, అబ్బాను బయట ఉంచిన నిబంధనే అసలు విషయం. కనీసం యాభై ఏళ్లు నిండినవాటినే, అంటే 1975 దాటనివాటినే లెక్కలోకి తీసుకున్నారు.

ఈ గీత ఎవరినీ ఉద్దేశించి గీసింది కాదు. అయినా దాని కోత అందరి మీదా ఒకేలా పడదు. ఉత్తర స్వీడన్‌కు రైలుమార్గం రావడం చుట్టూ సారా లిడ్‌మన్ రాసిన నవలల వరుస 1977లో మొదలైంది. కెర్స్టిన్ ఎక్మన్‌కు ఉత్తర యూరప్ దేశాల ఉమ్మడి వేదిక నార్డిక్ కౌన్సిల్ ఇచ్చే సాహిత్య బహుమతి తెచ్చిన నవల 1993 నాటిది. సారా స్ట్రిడ్స్‌బెర్గ్‌కు అదే బహుమతి తెచ్చిన నవల 2006లో వచ్చింది. రచయిత్రులకు అకాడమీ తలుపులు, విశ్వవిద్యాలయ పరిశోధన, బహుమతులు కాస్త విరివిగా అందిన కాలమంతా గీతకు అవతలే ఉండిపోయింది. ఇవతల మిగిలింది అవి అరుదుగా అందిన కాలం.

19వ శతాబ్దపు నవలా రచయిత్రి విక్టోరియా బెనెడిక్ట్‌సన్ డైరీల సంగతి ఇంకా చిత్రమైనది. ఆమె వాటిని 1880లలో రాసింది. పూర్తి పాఠం అచ్చయింది మాత్రం 1978 నుంచి 1985 వరకు మూడు సంపుటాలుగా. గీతకు ఏ వైపున ఉన్నట్టు? రాసిన తేదీని చూసేవారు ఒకటంటారు, పాఠకుడికి అందిన తేదీని చూసేవారు ఇంకొకటంటారు. స్త్రీల రచనల విషయంలో ఈ రెండు తేదీల మధ్య దూరం తరచుగా ఎక్కువే.

చేతిలో పుస్తకం, చట్టంలో మైనర్

మధ్యయుగాన్ని త్వరగా దాటవచ్చు. 14వ శతాబ్దపు భక్తురాలు బిర్గిట్టా తన దివ్యదర్శనాలను స్వీడిష్‌లో చెబితే, ఆమె మతగురువులు లాటిన్‌లోకి మార్చారు. 1391లో ఆమెను సెయింట్‌గా ప్రకటించారు, దర్శనాల గ్రంథం యూరప్ అంతా తిరిగింది. కానీ లోకం చదివింది గురువుల చేతి మీదుగా వచ్చిన పాఠాన్ని.

అసలు అడ్డంకి తర్వాత వచ్చిన చట్టం. 1734 నాటి శాసనం ప్రకారం పెళ్లికాని స్త్రీకి ఎన్నేళ్లు వచ్చినా సంరక్షకుడు ఉండాలి. పెళ్లయితే ఆ అధికారం భర్తది. వితంతువు ఒక్కతే స్వతంత్రురాలు. అంటే పుస్తకం రాసి ముద్రించిన స్త్రీ కూడా తన ఆస్తి, డబ్బు వ్యవహారాల్లో చట్టం దృష్టికి మైనరే.

ఫ్రెడ్రికా బ్రేమర్ (1801–1865) జీవితంలో ఈ మెలిక స్పష్టంగా కనిపిస్తుంది. 1828లో పేరు లేకుండా అచ్చయిన ఆమె గృహజీవన చిత్రణలు వెంటనే పేరు తెచ్చాయి. 1840లలో మేరీ హోవిట్ అనువాదాలతో ఇంగ్లండ్, అమెరికాల్లో పాఠకులు ఏర్పడ్డారు. 1830లో తండ్రి పోయాక ఆమె బాధ్యత సోదరుడి చేతికి వెళ్లింది. రచయిత్రిగా స్థిరపడిన స్త్రీ, తన వ్యవహారాలు తానే చూసుకునే హక్కు కోసం 1840లో రాజుకు అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది. నాలుగేళ్ల తర్వాత స్వీడిష్ అకాడమీ ఆమెకు పెద్ద బంగారు పతకం ఇచ్చింది. పతకం ఇచ్చింది, సభ్యత్వపు కుర్చీ కాదు.

1856లో వచ్చిన ‘హెర్తా’ నవలలో ఆమె ఈ సంరక్షకత్వం మీదే గురిపెట్టింది. కథ చివర అనుబంధంగా అప్పటి కోర్టు కేసుల వివరాలు కూడా చేర్చింది. 1858లో పార్లమెంటు చట్టం మార్చింది: 25 ఏళ్లు నిండిన అవివాహిత కోర్టులో దరఖాస్తు పెట్టుకుంటే మేజర్ హోదా ఇస్తారు, పెళ్లి చేసుకుంటే అది పోతుంది. 1863 నుంచి దరఖాస్తు అవసరం పోయింది. 1884లో వయసును 21కి దించారు. వివాహితకు తన సంపాదన మీద హక్కు 1874లో వచ్చింది. పూర్తి మేజర్ హోదా కోసం 1921 దాకా ఆగాల్సి వచ్చింది.

ఒక నవల చట్టాన్ని మార్చిందని స్వీడన్‌లో గర్వంగా చెబుతుంటారు. అది కొంచెం అతి. సంస్కరణ చర్చ అంతకు ముందే నడుస్తోంది. చర్చ వేడిగా ఉన్నప్పుడు బ్రేమర్ దేశంలోనే లేదు, 1856 నుంచి అయిదేళ్ల పాటు దక్షిణ యూరప్, పాలస్తీనా తిరుగుతోంది. చట్టసభలో వినిపించే వాదనకు ఊరూరా చదివే కథ తోడు దొరకడమే ఆ పుస్తకం చేసిన పని.

పేరు దాచడం, ముద్ర వేయడం

అన్నా మరియా లెన్‌గ్రెన్ (1754–1817) వ్యంగ్య కవితలు స్టాక్‌హోంస్-పోస్టెన్ పత్రికలో పేరు లేకుండా వచ్చేవి. పత్రిక నడిపేది ఆమె భర్తే. కవితలు ఎవరివో రాజధానిలో చాలామందికి తెలుసు. అయినా పేరు వేయకపోవడం ఒక రక్షణ: రచనపై వచ్చిన విమర్శ ఇంటి గుమ్మం దాటి లోపలికి రాదు. ఆమె కవితలు పుస్తకంగా వచ్చింది మరణానంతరం, 1819లో.

1880లకు వచ్చేసరికి అజ్ఞాతం పోయి మగ కలంపేరు వచ్చింది. దక్షిణ స్వీడన్‌లోని స్కోనె ప్రాంతపు హోర్బీ అనే చిన్న ఊళ్లో పోస్ట్‌మాస్టర్ భార్య అయిన విక్టోరియా బెనెడిక్ట్‌సన్, ఎర్న్‌స్ట్ ఆల్‌గ్రెన్ పేరుతో రాసింది. 1885 నాటి ఆమె నవల ‘పెంగర్’ ఇతివృత్తం డబ్బు. పదహారేళ్ల సెల్మాకు చిత్రకళ నేర్చుకోవాలని ఉంటుంది. ఇంట్లో పెద్దలు ధనికుడైన భూస్వామికి ఇచ్చి పెళ్లి చేస్తారు. పెళ్లి అంటే శారీరకంగా ఏమిటో ఆ పిల్లకు ఎవరూ చెప్పి ఉండరు. గుర్రాలు, నగలు, పెద్ద ఇల్లు అన్నీ వస్తాయి, చేతి ఖర్చుకు సొంత డబ్బు ఉండదు. చివరికి భర్తను వదిలి బయటికి నడుస్తుంది. వివాహాన్ని ఆస్తి లావాదేవీగా ఇంత చల్లగా, లెక్కల పుస్తకంలా విప్పిన నవల అప్పటి స్వీడిష్‌లో అరుదు.

అదే దశకంలో అన్నె షార్లొట్టె లెఫ్లర్, ఆల్ఫ్‌హిల్డ్ అగ్రెల్ స్టాక్‌హోం రంగస్థలానికి నాటకాలు రాసి ప్రేక్షకులను రప్పించారు. వివాహితకు డబ్బు మీద హక్కు, పురుషులకు ఒక నీతి స్త్రీలకు ఒక నీతి వంటివి వారి అంశాలు. మరి ఈ తరం ఎందుకు మరుగున పడింది? కారణాలు రెండు. మొదటిది ముద్ర. ఈ రచనలన్నింటినీ ఒక్క మాటతో, ఆగ్రహ సాహిత్యం అని, పక్కన పెట్టారు. అదే కోపం నాటకకర్త ఆగస్ట్ స్ట్రిండ్‌బర్గ్ రాస్తే ప్రతిభ అయింది. రెండోది అభిరుచి మార్పు. 1889–90లో కవులు వెర్నర్ వాన్ హైడెన్‌స్టామ్, ఆస్కార్ లెవెర్టిన్ బూడిదరంగు వాస్తవికత చాలంటూ కల్పనకు, అందానికి పట్టం కట్టారు. సమస్యల నాటకం ఫ్యాషన్ తప్పింది. స్ట్రిండ్‌బర్గ్ కొత్త దారి పట్టేంత కాలం బతికాడు. బెనెడిక్ట్‌సన్ 1888లో కోపెన్‌హాగన్ హోటల్ గదిలో ప్రాణం తీసుకుంది. లెఫ్లర్ 1892లో చనిపోయింది. గాలి మారినప్పుడు తమ రచనల తరఫున మాట్లాడటానికి ఇద్దరూ లేరు.

లాగెర్లోఫ్ ఎక్కిన మెట్లు

సెల్మా లాగెర్లోఫ్ (1858–1940) విజయాన్ని సహజ ప్రతిభగా చెప్పేయడం తేలిక. మెట్టుమెట్టుగా చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. లాండ్స్‌క్రోనా బాలికల పాఠశాలలో టీచరుగా ఉన్నప్పుడు, 1890లో ‘ఇడున్’ అనే స్త్రీల వారపత్రిక పోటీకి నవలలోని కొన్ని అధ్యాయాలు పంపి గెలిచింది. ఉద్యోగానికి సెలవు పెట్టి మిగతా నవల పూర్తి చేయడానికి స్త్రీల హక్కుల ఉద్యమ నాయకురాలు సోఫీ ఆడ్లెర్‌స్పారె డబ్బు సమకూర్చింది. 1884లో బ్రేమర్ పేరిట సంఘం స్థాపించిందీ ఆమే. ‘గోస్టా బెర్లింగ్ గాథ’ 1891లో వచ్చింది. స్వదేశంలో సమీక్షలు చప్పగా, కొన్ని కటువుగా ఉన్నాయి. పుస్తకం డేనిష్‌లోకి వెళ్లాక, 1893లో కోపెన్‌హాగన్ విమర్శకుడు గియోర్గ్ బ్రాండెస్ మెచ్చుకుంటూ రాశాడు. అప్పుడు స్వీడన్ మళ్లీ తల తిప్పి చూసింది. 1895లో స్టైపెండ్లు వచ్చాయి, టీచరు పని వదిలింది.

పత్రిక పోటీ, స్త్రీల సంఘం డబ్బు, పరాయి దేశపు విమర్శకుడి మాట. ఈ మూడింట్లో ఏ ఒక్కటీ అకాడమీ ఇచ్చింది కాదు.

నోబెల్ కథలో అకాడమీయే అడ్డం. శాశ్వత కార్యదర్శి కార్ల్ డేవిడ్ అఫ్ విర్సేన్‌కు ఆమె శైలి గిట్టదు. 1908లో కమిటీ ఇంగ్లిష్ కవి స్విన్‌బర్న్ వైపు, అకాడమీలోని మరో వర్గం లాగెర్లోఫ్ వైపు మొగ్గడంతో రాజీగా జర్మన్ తత్వవేత్త రుడోల్ఫ్ ఓయ్‌కెన్‌కు బహుమతి పోయింది. మరుసటి ఏడు, 1909లో, ఆమె గెలిచింది. సాహిత్య నోబెల్ అందుకున్న మొదటి స్త్రీ, మొదటి స్వీడిష్ వ్యక్తి కూడా ఆమే. అప్పుల్లో పోయిన పుట్టిల్లు మోర్‌బాకాలో ఇంటిని అప్పటికే 1907లో కొనుక్కుంది. పొలాలు 1910లో తిరిగి చేతికొచ్చాయి.

ఆమెను ప్రతి ఇంటికీ చేర్చింది మాత్రం పాఠశాల. ప్రాథమికోపాధ్యాయుల సంఘం భూగోళ వాచకం కావాలని అడిగితే, బాతు మీదెక్కి దేశమంతా తిరిగే నిల్స్ హోల్గెర్సన్ కథను 1906–07లో రెండు భాగాలుగా రాసింది. 1906లో ప్రభుత్వం తెచ్చిన కొత్త వర్ణక్రమాన్ని అందులో పాటించారు. దేశపటంతో పాటు కొత్త స్పెల్లింగునూ పిల్లలు ఆ పుస్తకంలోనే నేర్చుకున్నారు. దీనికో మూల్యం ఉంది. కథలు చెప్పే అత్తమ్మ అనే ముద్ర ఆమె మీద దశాబ్దాల పాటు ఉండిపోయింది. ఎన్ని చిత్తుప్రతులు తిరగరాసిందో, కథకుడి గొంతును ఎంత లెక్కగా మార్చిందో పరిశోధకులు చూపించేదాకా ఆమెది కళ అనుకున్నవారి కన్నా అమాయకత్వం అనుకున్నవారే ఎక్కువ.

పద్దెనిమిది కుర్చీలు

స్వీడిష్ అకాడమీని మూడో గుస్తావ్ రాజు 1786లో స్థాపించాడు. కుర్చీలు పద్దెనిమిది, సభ్యత్వం జీవితాంతం. ఎవరైనా పోతేనే ఖాళీ వస్తుంది, ఆ ఖాళీని ఉన్నవాళ్లే నింపుతారు. కాబట్టి మార్పు నత్తనడకన సాగుతుంది, పైగా ఉన్నవారి పోలికలోనే కొత్తవారు వస్తారు. మొదటి స్త్రీ, లాగెర్లోఫ్, 1914లో చేరింది: స్థాపించిన 128 ఏళ్లకు. ఆమె 1940లో పోయాక, 1944లో ఎలిన్ వెగ్నర్. వెగ్నర్ 1949లో మరణించాక 1978 దాకా ఒక్క స్త్రీ కూడా లేదు. ఆ ఇరవై తొమ్మిదేళ్లలో సారా లిడ్‌మన్, పిప్పిని సృష్టించిన ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్, కవయిత్రి సోన్యా ఓకెసన్ ఎన్నో ముఖ్య రచనలు చేశారు. వారికి ఆ కుర్చీ అప్పుడే కాదు, ఎప్పుడూ రాలేదు.

15వ నంబరు కుర్చీ ఒక్కదాన్ని పట్టి చూస్తే ఈ చరిత్ర చాలావరకు బోధపడుతుంది. ఆఫీసు గుమాస్తా అమ్మాయిల మీద, ఓటు హక్కు ఉద్యమం మీద నవలలు రాసిన వెగ్నర్ అందులో అయిదేళ్లు కూర్చుంది. ఆమె తర్వాత 1949లో హారీ మార్టిన్‌సన్ వచ్చాడు. 1974లో నోబెల్ పంచుకున్నాడు. 1929లో అతను పెళ్లాడిన మోవా మార్టిన్‌సన్ కూడా అదే శ్రామిక రచయితల తరానికి చెందినది. 1933లో మొదటి నవల, 1936లో తల్లి పెళ్లి చుట్టూ అల్లిన బాల్యకథ తెచ్చింది. కడుపుతో ఉండి పనిచేయడం, నల్లుల పరుపు, అద్దె కట్టలేక మారే గదులు ఆమె వస్తువు. పాఠకులు విపరీతంగా చదివారు, విమర్శకులు రూపం లేదన్నారు. విడిపోయిన తర్వాత ఇద్దరి ప్రతిష్ఠా ఎదురెదురు దిశల్లో నడిచింది. ఆమెను మళ్లీ గంభీరంగా చదవడం 1980ల స్త్రీవాద విమర్శతో గానీ మొదలవలేదు.

హారీ 1978లో పోయాక ఆ కుర్చీలోకి కెర్స్టిన్ ఎక్మన్ వచ్చింది. ప్రాణ బెదిరింపులు ఎదుర్కొంటున్న రచయిత సల్మాన్ రష్దీకి మద్దతుగా అకాడమీ గట్టిగా మాట్లాడలేదని 1989లో బయటికి నడిచింది. రాజీనామా అనేదే నిబంధనల్లో లేదు కనుక, మనిషి రాకున్నా కుర్చీ ఆమెదే అయి దాదాపు ముప్పై ఏళ్లు ఖాళీగా ఉంది.

ఈ లోపం 2018లో సంస్థ మెడకే చుట్టుకుంది. సభ్యురాలైన కవయిత్రి కతరీనా ఫ్రోస్టెన్‌సన్ భర్తపై లైంగిక దాడి ఆరోపణలు, వాటిని ఎలా ఎదుర్కోవాలన్న గొడవతో సభ్యులు ఒక్కొక్కరే తప్పుకున్నారు. 2015లో ఆ పదవికి వచ్చిన మొదటి మహిళా శాశ్వత కార్యదర్శి సారా డానియస్ ఏప్రిల్ 12న దిగిపోయింది. ఆమెది లాగెర్లోఫ్ కూర్చున్న 7వ నంబరు కుర్చీ. కొత్తవారిని ఎన్నుకోవాలంటే 12 మంది ఉండాలి, పనిచేస్తున్నవారు అంతమంది లేరు. ఆ ఏడాది నోబెల్ వాయిదా పడింది. రాజు నిబంధనలు సవరించాక రాజీనామాకు దారి ఏర్పడింది. అదే ఏడాది 15వ కుర్చీలోకి టెహ్రాన్‌లో పుట్టిన కవయిత్రి జీలా మొసాయెద్ వచ్చింది. పరిశ్రమించి గెలిచిన వాదన కన్నా ఒక సంక్షోభమే ఆ తలుపును వేగంగా తెరిచిందనడం తప్పు కాదు.

పిల్లల పుస్తకాల పక్కగది

ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ (1907–2002) పిప్పి రాతప్రతిని 1944లో బోనియర్స్ ప్రచురణ సంస్థ తిరస్కరించింది. ఆమె దాన్ని తిరిగి రాసి రాబేన్ అండ్ షోగ్రెన్ అనే మరో ప్రచురణ సంస్థ పోటీకి పంపింది, మొదటి బహుమతి గెలిచి 1945లో అచ్చయింది. మరుసటి ఏడు విమర్శకుడు యోన్ లాండ్‌క్విస్ట్ దాన్ని చెత్తగా తీసిపారేశాడు. ఆమె రాబేన్ అండ్ షోగ్రెన్‌లోనే 1946 నుంచి 1970 దాకా బాలసాహిత్య సంపాదకురాలిగా పనిచేసింది. అంటే తాను రాయడమే కాక, ఏ పిల్లల పుస్తకాలు అచ్చవ్వాలో పాతికేళ్ల పాటు నిర్ణయించింది. రచయిత్రుల చరిత్రల్లో ఈ రెండో పని తగినంతగా కనబడదు.

ఆమె పలుకుబడి సాహిత్యం బయట ఎక్కువ కనిపించింది. సొంత సంపాదన మీద పన్ను 102 శాతానికి చేరిందని లెక్కతేల్చి 1976 మార్చిలో ఎక్స్‌ప్రెసెన్ పత్రికలో ఒక వ్యంగ్య కథ రాసింది. ఆర్థికమంత్రి మొదట ఆమెకు లెక్కలు రావన్నాడు. తర్వాత లెక్క ఆమెదే సరైనదని తేలింది. ఆ సెప్టెంబరులో నాలుగు దశాబ్దాలకు పైగా పాలించిన సోషల్ డెమొక్రాట్లు ఓడారు. ఓటమికి అణువిద్యుత్ వంటి కారణాలూ ఉన్నాయి, అంతా ఆ కథకు కట్టబెట్టకూడదు. 1988 నాటి జంతు సంక్షేమ చట్టానికి ఆమె పేరే వాడుకలో నిలిచింది. 2015లో 20 క్రోనర్ నోటు మీద లాగెర్లోఫ్ బొమ్మ పోయి లిండ్‌గ్రెన్ బొమ్మ వచ్చింది. నోటు మీద చోటు దొరికింది గానీ, బాలసాహిత్యం పక్కగదిలోనే ఉన్నందున అకాడమీలో దొరకలేదు.

డబ్బు విషయంలో మాత్రం ఒక ఏర్పాటు ఈ గదుల తేడా చూడదు. 1954 నుంచి గ్రంథాలయాల్లో పుస్తకం అరువు వెళ్లిన ప్రతిసారికీ ప్రభుత్వం రచయితల నిధికి జమ చేస్తుంది. పాఠకుడు తీసుకెళ్లాడా లేదా అన్నదే లెక్క. పిల్లల కథలు, నేరపరిశోధన నవలలు రాసే వారికి ఇది విమర్శకుల మెప్పు కన్నా నమ్మకమైన ఆధారం.

భాష ఒకటి, దేశాలు రెండు

స్వీడిష్ రచయిత్రులు అనగానే స్వీడన్ అనుకుంటే సగం వదిలేసినట్టే. ఆధునిక స్వీడిష్ కవిత్వానికి పునాది వేసిన ఈడిత్ సోడెర్‌గ్రాన్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టి, కరేలియాలోని రైవోలాలో బతికి, 1923లో 31 ఏళ్లకే క్షయతో చనిపోయింది. పిల్లల కథల్లోని మూమిన్లు అనే వింత జీవుల సృష్టికర్త తూవె యాన్సన్ ఫిన్లండ్ వాసి. ఇద్దరిదీ స్వీడిష్ భాషే. తిరగేసి చూస్తే నెల్లీ సాక్స్ ఉంది. 1940లో నాజీ జర్మనీ నుంచి స్టాక్‌హోం చేరడానికి లాగెర్లోఫ్ సాయపడిన ఈ కవయిత్రి, స్వీడన్‌లోనే జీవించి 1966లో నోబెల్ పంచుకుంది. రాసింది మాత్రం జర్మన్‌లో.

తవ్వి తీసిన పని

మరుగున పడినవారిని వెనక్కి తెచ్చింది గ్రంథాలయ పని, తరగతి గది పని. 1958లో గోథెన్‌బర్గ్‌లో ముగ్గురు స్త్రీలు మహిళా చరిత్ర పత్రాగారం మొదలుపెట్టారు. తర్వాత అది విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భాగమైంది. 1967 నుంచి ఉప్సాలాలో కరిన్ వెస్ట్‌మన్ బెర్గ్ నడిపిన సెమినార్ ఒక తరం పరిశోధకులను తయారుచేసింది. నార్డిక్ దేశాల రచయిత్రుల సాహిత్య చరిత్ర 1993–98 మధ్య అయిదు సంపుటాలుగా వచ్చింది. గోథెన్‌బర్గ్ నుంచే 2018 మార్చి 8న మహిళా జీవిత చరిత్రల ఆన్‌లైన్ నిఘంటువు వెయ్యి పేర్లతో మొదలైంది. విడి సంపుటాల్లో చోటు దొరికినంత తేలిగ్గా సాధారణ సాహిత్య చరిత్ర మారదన్నది ఇక్కడి చిక్కు. పాఠ్యపుస్తకంలో ఒక్కో యుగానికి ఒక్కో స్త్రీ చొప్పున వస్తుంది, ఆమె తన కాలానికి మినహాయింపులా కనిపిస్తుంది.

తెలుగులోకి తేవాలంటే

అనువాదకులకు హక్కుల లెక్క తెలియడం ముఖ్యం. భారత చట్టంలో కాపీరైట్ రచయిత మరణించిన ఏడాది తర్వాత 60 ఏళ్లు, స్వీడన్‌లో 70. ఆ లెక్కన లాగెర్లోఫ్, 1941లో పోయిన కవయిత్రి, నవలాకారిణి కరిన్ బోయె, వెగ్నర్ మూలరచనలు ఇక్కడ ఎప్పుడో విడుదలయ్యాయి. 1964లో పోయిన మోవా మార్టిన్‌సన్ రచనలు 2025 జనవరి 1 నుంచి భారతదేశంలో స్వేచ్ఛగా ఉన్నా, స్వీడన్‌లో 2034 చివరి దాకా కావు. లిండ్‌గ్రెన్‌కు అనుమతి తప్పనిసరి.

ఎక్కువమంది పొరబడేది ఇంకో చోట. తెలుగు అనువాదం ఇంగ్లీషు మీదుగా వస్తే, ఆ ఇంగ్లీషు అనువాదకుడి హక్కు వేరే గడియారం మీద నడుస్తుంది. బోయె నవల ‘కల్లోకెయిన్’ మూలం స్వేచ్ఛగా ఉన్నా, కొత్త ఇంగ్లీషు పాఠాన్ని వాడుకోవాలంటే దాని హక్కుదారు సంతకం కావాలి. హక్కుల గొడవ లేని పాత అనువాదాలకు వేరే లోపం ఉంది. 1937లో పోయిన వెల్మా స్వాన్‌స్టన్ హోవర్డ్ చేసిన నిల్స్ అనువాదంలో కోతలున్నాయి. స్వీడిష్ మూలం నుంచే నేరుగా చేయించే ప్రచురణకర్తలు స్వీడిష్ ఆర్ట్స్ కౌన్సిల్ అనువాద సాయానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అనువాదకుడితో ఒప్పందాన్ని, హక్కులు ఇంకా ఉన్న పుస్తకమైతే హక్కుదారుతో ఒప్పందాన్ని కూడా ముందే కుదుర్చుకుని ఉంచుకోవడం మేలు.